లాఠీకి సాక్షి

పౌరుడి మీద బలం ప్రయోగించే అధికారాన్ని చట్టం ప్రధానంగా పోలీసుకే ఇచ్చింది, అదీ షరతులతో ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 43వ సెక్షను ప్రకారం అరెస్టును ప్రతిఘటించే వ్యక్తిని లొంగదీయడానికి అవసరమైన మార్గాలన్నీ పోలీసు అధికారి వాడవచ్చు. అయితే మరణశిక్షో యావజ్జీవ శిక్షో పడదగిన నేరారోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు ఆ సెక్షను అతనికి ఇవ్వదు. శాంతిభద్రతలకు భంగం కలిగించే గుంపును చెదరగొట్టే అధికారం 148వ సెక్షనులో ఉంది. పట్టుబడి, చేతులు కట్టేసి ఉన్న మనిషిని కొట్టే అధికారం మాత్రం ఏ సెక్షనులోనూ లేదు. పైగా నేరం ఒప్పించడానికి గాయపరిచిన వాడికి ఏడేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల వరకు శిక్ష పడవచ్చని భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షను చెబుతోంది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు తగాదా ఎక్కడ వస్తున్నదంటే, ఆ క్షణంలో నిజంగా ఏం జరిగిందన్న దగ్గర. కొట్టిన చేయీ కేసు డైరీ రాసే చేయీ ఒకే శాఖవి కావడం వల్ల, దెబ్బ తిన్నవాడి మాటకు బయటి సాక్ష్యం దొరకడం మన దేశంలో ఎప్పుడూ కష్టంగానే ఉంది. పోలీసు చొక్కా మీద తగిలించే చిన్న కెమెరా గురించిన చర్చ అంతా ఈ ఇబ్బందిలోంచే పుట్టింది.

పత్తికీ మిర్చికీ పేరుబడ్డ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో గత కొన్నేళ్లలో జరిగిన ఘటనలను వరుసగా చూస్తే ఈ ఇబ్బంది ఎంత లోతైనదో తెలుస్తుంది. 2020 ఏప్రిల్ 20న, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, సత్తెనపల్లిలో మందుల కోసం బయటికి వచ్చిన ఒక ముస్లిం వ్యక్తిని చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపగా, ఆయన అక్కడే కుప్పకూలి, ఆ తర్వాత ఆసుపత్రిలో మరణించారు. లాఠీ దెబ్బల వల్లనే చనిపోయారని కుటుంబం చెప్పింది. ఆయనకు ముందునుంచే గుండె జబ్బు ఉందని పోలీసు అధికారులు చెప్పారు. ఎస్‌ఐని సస్పెండ్ చేసి విచారణకు ఆదేశించారు. దాదాపు మూడు నెలలకు, 2020 జూలై 18న, అప్పటి ప్రకాశం జిల్లా చీరాలలో మాస్కు పెట్టుకోలేదని ఆపిన ఒక దళిత యువకుడు తలకు గాయంతో ఆసుపత్రి పాలై, నాలుగు రోజుల తర్వాత గుంటూరులో కన్నుమూశాడు. ఎస్‌ఐ లాఠీతో తల మీద కొట్టాడని కుటుంబం, జీపులోంచి తానే దూకాడని పోలీసులు చెప్పిన రెండు కథనాల్లో ఒకటి పూర్తిగా నిజమైతే రెండోది పూర్తిగా అబద్ధం కావాలి. ప్రభుత్వం విచారణకు ఆదేశించి, కుటుంబానికి పది లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. పట్టపగలు, నడిరోడ్డు మీద, ప్రభుత్వోద్యోగుల సమక్షంలో ఒక మనిషికి నిజంగా ఏమైందో చెప్పగల తటస్థ సాక్షి ఒక్కటీ లేకపోవడం ఈ రెండు ఘటనల్లోనూ కుటుంబాలకు జరిగిన రెండో నష్టం.

అదే సంవత్సరం అక్టోబరు చివరలో రాజధాని ప్రాంతంలోని కృష్ణాయపాలెం రైతులను నరసరావుపేట సబ్‌జైలు నుంచి గుంటూరు జిల్లా జైలుకు తరలిస్తూ చేతులకు బేడీలు వేశారు. ప్రత్యేక కారణం లేకుండా బేడీలు వేయడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో తేల్చి చెప్పినా, ఈ సంగతి తప్పుగా నమోదు కావడానికి కారణం ఆ తీర్పు కాదు, బేడీలతో ఉన్న రైతుల ఫొటోలు. అవి బయటికి రాగానే ఎస్కార్టు సిబ్బందిలో కొందరిని సస్పెండ్ చేశారు. అంతకుముందు జనవరిలో అమరావతి ఉద్యమంలో ఉన్న మహిళల మీద పోలీసుల తీరును హైకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించడానికి కూడా పత్రికల్లో వచ్చిన చిత్రాలే కారణమయ్యాయి.

ఫొటో లేని చోట ఏమవుతుందో 2021 మేలో గుంటూరులోనే జరిగిన మరో ఘటన చూపించింది. అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును మే 14న సీఐడీ అరెస్టు చేసి గుంటూరు కార్యాలయంలో ఉంచినప్పుడు ఆ రాత్రి తనను కొట్టారని ఆయన న్యాయమూర్తికి చెప్పగా, అధికారులు ఖండించారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి వైద్యుల నివేదిక ఆయన ఆరోపణను బలపరచలేదు. సుప్రీంకోర్టు ఆదేశంతో సికింద్రాబాద్ సైనికాసుపత్రిలో చేసిన పరీక్షలో కాలివేలి ఎముక విరిగినట్టు తేలింది. మే 21న సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. ప్రభుత్వం మారాక, 2024 జూలైలో, ఇదే ఆరోపణ మీద గుంటూరు నగరంపాలెం స్టేషనులో కేసు నమోదైంది. ఆరోపణలోని నిజానిజాలు కోర్టు తేల్చవలసినవి. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, దేశ రాజధానిలోని అత్యున్నత న్యాయస్థానం దాకా అప్పటికప్పుడు వెళ్లగల పార్లమెంటు సభ్యుడి విషయంలో సైతం వాదమంతా రెండు ఆసుపత్రుల కాగితాల చుట్టూ తిరగవలసి వచ్చింది. పత్తి చేలో కూలికి వెళ్లే మనిషికి సికింద్రాబాద్ దాకా వెళ్లే దారి లేదు.

2025 నాటి తెనాలి ఉదంతం వీటికి భిన్నం. ఏప్రిల్ చివరలో ముగ్గురు యువకులను పోలీసులు బహిరంగంగా రోడ్డు మీద కూర్చోబెట్టి, కాళ్లు కదలకుండా చేసి, అరికాళ్ల మీద లాఠీతో కొట్టిన దృశ్యం దాదాపు నెల రోజుల తర్వాత, మే చివరి వారంలో బయటికి వచ్చి రాష్ట్రమంతా తిరిగింది. ఆ యువకులు ఒక కానిస్టేబులు మీద దాడి చేశారని, నేరచరిత్ర ఉన్నవారని పోలీసులు చెప్పారు; వారు దళిత, ముస్లిం కుటుంబాలవారు కావడంతో హక్కుల సంఘాలు ఆ కోణాన్ని ఎత్తిచూపాయి; ప్రతిపక్ష పార్టీ నేత జగన్‌మోహన్ రెడ్డి జూన్ 3న తెనాలి వచ్చి ఆ కుటుంబాలను కలిశారు; కొట్టడాన్ని ఖండించినవారు ఎందరో, రౌడీలకు అదే మందని సమర్థించినవారూ అంతమంది కనిపించారు. చర్చ యువకుల నడవడి మీదికి మళ్లినంత వేగంగా చట్టం మీదికి మళ్లలేదు. కానిస్టేబులు మీద దాడి నిజమే అయితే అది తీవ్రమైన నేరం, దానికి కోర్టు ఉంది, శిక్ష ఉంది. అరికాళ్ల మీద దెబ్బలు మాత్రం ఏ కోర్టూ విధించగల శిక్ష కాదు, రౌడీషీటు ఉన్నవాడికైనా లేనివాడికైనా. తెనాలిలో ఎవరూ జీపులోంచి దూకాడని చెప్పే అవకాశం లేకపోయిందంటే దానికి కారణం ఒక ఫోను. అది పోలీసు కెమెరా కాదు.

ఇక పోలీసు కెమెరా సంగతి. బాడీ కెమెరా అరచేతిలో ఇమిడేంత పెట్టె. ఛాతీకో భుజానికో తగిలించుకుంటారు. దృశ్యాన్నీ శబ్దాన్నీ తేదీ, సమయం, పరికరం సంఖ్యతో సహా నమోదు చేస్తుంది. చాలా రకాల్లో అది నిద్రావస్థలో కూడా ఎప్పటికప్పుడు గడిచిన అర నిమిషాన్నో నిమిషాన్నో తాత్కాలికంగా గుర్తుంచుకొని చెరుపుకుంటూ ఉంటుంది. అధికారి మీట నొక్కగానే ఆ గడిచిన అర నిమిషంతో కలిపి అసలు నమోదు మొదలవుతుంది. డ్యూటీ ముగిశాక కెమెరాను స్టేషనులో ఒక గూటిలో పెడితే, బ్యాటరీ నిండుతూ ఉండగానే దృశ్యాలు సర్వరుకు చేరతాయి. చేరిన ప్రతి ఫైలుకూ గణితసూత్రం ద్వారా ఒక పొడవాటి అంకెల ముద్ర తయారవుతుంది, దాన్నే హ్యాష్ విలువ అంటారు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ ముద్ర మారిపోతుంది కాబట్టి, తర్వాత ఎవరైనా కత్తిరించారా లేదా అన్నది పట్టుకోవచ్చు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు జతచేయవలసిన ధ్రువపత్రంలో ఈ హ్యాష్ విలువను రాయాలి. కాబట్టి సాంకేతికంగా చూస్తే, నమోదైన దృశ్యం మీద వేలు పడకుండా కాపాడే మార్గం ఉంది. మీట నొక్కకపోవడానికీ, కెమెరా పాడైందనడానికీ, ఫైలు అడిగితే ఇవ్వకపోవడానికీ మాత్రం హ్యాష్ విలువ విరుగుడు కాదు.

ఈ కెమెరాలను మొదట విస్తృతంగా పరీక్షించినది బ్రిటన్‌లో, 2005, 2006 ప్రాంతాల్లో ప్లిమత్ పట్టణంలో. ప్రపంచమంతా వాటివైపు చూడటానికి కారణమైనది మాత్రం కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న పట్టణంలో 2012లో మొదలై ఏడాదిపాటు సాగిన ప్రయోగం. అక్కడ పోలీసుల మీద ఫిర్యాదులు దాదాపు 88 శాతం, బలప్రయోగ ఘటనలు దాదాపు 60 శాతం తగ్గాయన్న లెక్క ప్రతి దేశంలోనూ కెమెరాలు కొనడానికి ప్రధాన వాదన అయింది. 2014 ఆగస్టులో ఫెర్గూసన్ పట్టణంలో ఒక నల్లజాతి యువకుణ్ణి పోలీసు కాల్చి చంపాక అమెరికా అంతటా కెమెరాలు వెల్లువెత్తాయి. తర్వాత వాషింగ్టన్ నగరంలో రెండు వేలకు పైగా అధికారుల మీద, చీటీలు తీసినట్టుగా సగం మందికి కెమెరా ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా జరిపిన పెద్ద పరీక్ష ఫలితం 2017లో వెలువడినప్పుడు, రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ఈ రెంటికీ పొంతన ఎక్కడన్న ప్రశ్నకు 2016లో వచ్చిన మరో పరిశోధన మంచి ఆధారం ఇచ్చింది. పది చోట్ల జరిగిన ప్రయోగాలను విడగొట్టి చూసినప్పుడు, నియమం ప్రకారం మొదటినుంచీ కెమెరా ఆన్‌లో ఉంచి, రికార్డు చేస్తున్నానని ఎదుటివారికి చెప్పిన చోట్ల బలప్రయోగం 37 శాతం తగ్గింది; ఎప్పుడు ఆన్ చేయాలో అధికారి ఇష్టానికి వదిలేసిన చోట్ల 71 శాతం పెరిగింది. అంటే మీట మీద పెత్తనం ఎవరిదన్నదే ఫలితాన్ని తేల్చింది.

తెలుగు ఇళ్లలో బాడీ కెమెరా అన్న మాట బాగా వినిపించింది సియాటిల్ ఉదంతంతో. కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన 23 ఏళ్ల విద్యార్థిని 2023 జనవరి 23 రాత్రి అక్కడ రోడ్డు దాటుతుండగా పోలీసు వాహనం ఢీకొని మరణించింది. గంటకు 25 మైళ్లు మించకూడని వీధిలో ఆ వాహనం 74 మైళ్ల దాకా వెళ్లింది. ఘటనాస్థలానికి వచ్చిన మరో అధికారి, పోలీసు సంఘంలో నాయకుడు కూడా అయిన వ్యక్తి, ఫోనులో మాట్లాడుతూ నవ్వడం, ఆ అమ్మాయి ప్రాణానికి పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందని, ఆమెకు అంతగా విలువ లేదని అనడం అతని ఛాతీ మీది కెమెరాలోనే నమోదయ్యాయి. ఆ సంభాషణను శాఖలోనే మరో ఉద్యోగి గమనించి పైవారికి తెలపగా, సెప్టెంబరులో ఆ దృశ్యాన్ని బహిరంగం చేశారు. న్యాయవాదులు ఎలా వాదిస్తారో ఎగతాళి చేశానే తప్ప ఆమెను కాదని అతను సంజాయిషీ చెప్పుకున్నాడు. 2024 జూలైలో తాత్కాలిక పోలీసు చీఫ్ స్యూ రార్ అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. వాహనం నడిపిన అధికారి మీద హత్యానేరం వంటి తీవ్ర అభియోగం మోపడానికి ప్రాసిక్యూషను నిరాకరించింది, 2025 జనవరిలో ఉద్యోగం మాత్రం పోయింది. ఆదోనిలోని తల్లికి ఇది పూర్తి న్యాయమని ఎవరూ అనలేరు. అయినా ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి: ఆ నవ్వు బయటపడింది కెమెరా ఉండటం ఒక్కదానివల్ల కాదు, ఆ దృశ్యాన్ని మరో ఉద్యోగి చూడగలగడం, చూసినది పైకి పంపవలసిన బాధ్యత అతనికి ఉండటం, పోలీసు చీఫ్ చేతిలో లేని జవాబుదారీ కార్యాలయం ఒకటి నగరంలో ఉండటం, ఇవన్నీ కలిసి బయటపెట్టాయి. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన అధికారికీ, అతనితో ఉన్న అధికారులకూ కెమెరాలున్నాయి. అయినా పోలీసు శాఖ మొదటి ప్రకటన ఆ మరణాన్ని ఆరోగ్య సమస్యగా చెప్పింది. పక్కన నిలబడి ఫోనులో తీసిన పదిహేడేళ్ల అమ్మాయి దృశ్యం లేకపోతే ఆ ప్రకటనే చరిత్రగా మిగిలి ఉండేది.

కెమెరా చూపులో పుట్టుకతోనే ఉన్న ఒక వంకర గురించి కూడా ఇక్కడ చెప్పాలి. ఛాతీ మీది కెమెరా ఎదుటివాణ్ణి చూస్తుంది, తనను తగిలించుకున్నవాణ్ణి చూడదు. కొట్టేవాడి చేయి కన్నా దెబ్బ కాచుకోవడానికి ఎత్తిన చేయి దాంట్లో బాగా కనిపిస్తుంది. మనిషి కదిలిన ప్రతిసారీ చిత్రం ఊగిపోవడంతో పెనుగులాట ఉన్నదానికన్నా తీవ్రంగా తోస్తుంది. ఒకే ఘటనను బాడీ కెమెరాలో చూసినవారు, కారు ముందుభాగపు కెమెరాలో చూసినవారికన్నా అధికారి ఉద్దేశాన్ని తక్కువగా తప్పుపడతారని అమెరికాలో 2019లో వచ్చిన ఒక అధ్యయనం నిరూపించింది. కాబట్టి బాడీ కెమెరా దృశ్యాన్ని వాంగ్మూలంలా చూడాలి. అది ఒక వైపు నిలబడిన సాక్షి చెప్పే మాట.

భారతదేశంలో ఈ కెమెరాలు ఇప్పటిదాకా ఎక్కువగా ట్రాఫిక్ పోలీసుల చొక్కాల మీద కనిపిస్తున్నాయి. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో చలానా దగ్గరా, తాగి నడిపేవారి తనిఖీ దగ్గరా తలెత్తే తగాదాల్లో అవి పోలీసుకూ రక్షణే. లంచం అడిగాడన్న తప్పుడు ఆరోపణ నుంచి, తాగినవాడి దౌర్జన్యం నుంచి కానిస్టేబులును కాపాడగల సాక్ష్యం అదే కాబట్టి, కెమెరాలను పోలీసు వ్యతిరేక పరికరాలుగా చూడటం పొరపాటు. పన్నెండు, పద్నాలుగు గంటల డ్యూటీ చేసే కింది ఉద్యోగి పైవారి నోటిమాట ఆదేశం మీద లాఠీ ఎత్తి, తర్వాత ఒంటరిగా సస్పెన్షనుకు గురయ్యే పద్ధతి ఈ శాఖలో పాతదే. ఆ ఆదేశం కూడా శబ్దంతో సహా నమోదయితే తప్పు ఎవరిదో తేలుతుంది.

స్టేషను గోడల లోపలికి వస్తే మన దేశంలో చట్టం ఇప్పటికే చాలా దూరం వెళ్లింది. డీకే బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు అరెస్టు సమయంలో పాటించవలసిన పదకొండు నియమాలను పెట్టింది; అదే కేసు కొనసాగింపులో 2015లో జైళ్లలో, స్టేషన్లలో సీసీ కెమెరాల గురించి ఆదేశించింది; చివరికి పరంవీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న జస్టిస్ నారీమన్ ధర్మాసనం ఆ ఆదేశాలను గదిగదికీ వివరించి చెప్పింది. గేటు నుంచి లాకప్ దాకా, వరండా నుంచి ఇన్‌స్పెక్టరు గది దాకా, స్నానాల గది బయటి భాగంతో సహా, ఏ మూలా వదలకుండా రాత్రి వెలుతురులోనూ పనిచేసే, శబ్దం కూడా నమోదు చేసే కెమెరాలు ఉండాలి. దృశ్యాలను పద్దెనిమిది నెలలు, అంతకాలం నిల్వ చేయగల పరికరాలు దొరకకపోతే కనీసం ఏడాది భద్రపరచాలి. స్టేషనులో కెమెరాలు ఉన్నాయని స్థానిక భాషలో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి. కెమెరాల బాధ్యత స్టేషను అధికారిదే. బాధితుడికి ఆ దృశ్యాలను భద్రం చేయించుకునే హక్కు ఉందని కూడా ఆ తీర్పు చెప్పింది. ఇన్నేళ్లు గడిచాక, 2025 సెప్టెంబరులో, స్టేషన్లలో పనిచేయని కెమెరాల విషయాన్ని సుప్రీంకోర్టు మళ్లీ తనంతట తానే విచారణకు తీసుకోవలసి వచ్చింది. రాజస్థాన్‌లో ఆ ఏడాది ఎనిమిది నెలల్లో పోలీసు కస్టడీలో పదకొండు మంది మరణించారన్న పత్రికా కథనం దానికి ప్రేరణ.

నాగరిక సురక్షా సంహితలోని 105వ సెక్షను సోదా, జప్తులను ఆడియో, వీడియోలతో నమోదు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని నిర్దేశించింది. ఇది నిజంగా మంచి మార్పు; పంచనామాకు ఇద్దరు అలవాటు సాక్షులను నిలబెట్టే పాత పద్ధతికి ఇది అడ్డుకట్ట వేయగలదు. కానీ ఆ సెక్షనులో ఒక లోపం కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది. ఇంట్లో దొరికిన గంజాయి పొట్లాన్ని కెమెరా ముందు పెట్టాలన్న చట్టం, ఆ ఇంటి మనిషిని జీపెక్కించాక అతనికి ఏమైందో కెమెరా ముందు ఉంచాలని ఎక్కడా అనలేదు. లాఠీ ఎత్తిన ప్రతి సందర్భాన్నీ నమోదు చేయాలన్న విధి, చేయకపోతే పర్యవసానం, రెండూ సంహితలో లేవు.

దృశ్యం ఉండటానికీ, అది బయటికి రావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో పల్నాడుకు మరో సందర్భంలో అనుభవమైంది. 2024 మే 13న పోలింగు రోజున రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగు కేంద్రంలో అప్పటి మాచర్ల శాసనసభ్యుడు లోపలికి వచ్చి ఈవీఎంను నేలకేసి కొట్టినట్టు చూపే దృశ్యం ఎన్నికల సంఘం పెట్టిన వెబ్ కెమెరాలో నమోదైంది. అది పోలీసు బలప్రయోగానికి సంబంధించినది కాదు. అయినా కెమెరాలో అంత స్పష్టంగా నమోదైనట్టు చెబుతున్న ఆ ఘటన ప్రజల కంటబడటానికి వారానికి పైగా పట్టింది. ఆ వారంలో కెమెరా చెడిపోలేదు, దృశ్యం చెరిగిపోలేదు. తెరిచి చూపవలసిన మనిషి తెరవలేదంతే. ఛాతీ మీద కెమెరాలు వచ్చిన రోజున కూడా ఇదే ప్రశ్న ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో కాటా అంకె వ్యాపారికి మాత్రమే కనిపించేలా అమర్చితే, ఆ కాటా ఎంత ఖచ్చితమైనదైనా రైతు టిక్కీ బస్తాను దాని మీదికి ఎత్తనివ్వడు. దృశ్యాన్ని తీసే శాఖ, దాచే శాఖ, ఇవ్వాలో వద్దో తేల్చే శాఖ ఒకటే అయినప్పుడు కెమెరా కూడా అలాంటి కాటానే అవుతుంది.

కొనుగోలుకు ముందే రాయవలసిన నియమాలు ఇందుకే ముఖ్యమైనవి. పౌరుణ్ణి ఆపిన క్షణం నుంచి వదిలేదాకా లేదా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేదాకా కెమెరా ఆగకూడదు. ఆపితే కారణం ఆ క్షణంలోనే నోటితో చెప్పి నమోదు చేయాలి. కెమెరా ఉండవలసిన చోట దృశ్యం లేకపోతే, ఆ లోపాన్ని పోలీసుకు వ్యతిరేకంగా లెక్కించే అవకాశం కోర్టుకు ఉండాలి. ఈ ఆలోచన కొత్తది కాదు. కస్టడీలో గాయపడిన వ్యక్తి విషయంలో ఆ గాయం పోలీసుల వల్లనే అయిందని కోర్టు భావించవచ్చంటూ సాక్ష్య చట్టంలో కొత్త సెక్షను చేర్చాలని లా కమిషన్ తన 113వ నివేదికలో 1985లోనే సిఫారసు చేసింది. ఆ సిఫారసు చట్టం కాలేదు. చిత్రహింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద భారతదేశం 1997లో సంతకం చేసినా ఇప్పటికీ ఆమోదముద్ర వేయలేదు. ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఆదేశించిన పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు నిజంగా స్వతంత్రంగా పనిచేస్తే, దృశ్యాల తాళం వాటి చేతికి ఇవ్వడం సరైన ఏర్పాటు అవుతుంది. ఈ నియమాలు లేకుండా కెమెరాలు మాత్రమే వస్తే అవి రౌడీషీటు ఉన్నవారి కదలికలను, ధర్నా శిబిరాల్లోని ముఖాలను పోగుచేసే మరో సాధనంగా మారే ప్రమాదం నిజమైనదే. భర్త కొట్టాడని అర్ధరాత్రి స్టేషనుకు వచ్చిన స్త్రీని, లైంగిక దాడికి గురైన బాలికను ఆ కెమెరా ఎలా చూడాలి, ఎప్పుడు చూడకూడదు అన్నది కూడా ముందే తేల్చాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పిన మాట వారికి అందరికన్నా ఎక్కువగా వర్తిస్తుంది.

చిన్న విషయాలుగా కనిపించేవి కూడా ఈ ప్రాంతంలో చిన్నవి కావు. రాష్ట్రంలో ఎండ ఎక్కువ కాసే ఊళ్లలో రెంటచింతలకు పేరుంది. వేసవి మధ్యాహ్నం అక్కడ ఛాతీ మీద మాడే బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో ఇక్కడే పరీక్షించి చూడాలి, పరికరం అమ్మే సంస్థ కాగితం మీద రాసింది చాలదు. ఒక గంట స్పష్టమైన దృశ్యానికి ఒకటి రెండు గిగాబైట్ల చోటు కావాలంటే, ఒక్క సర్కిల్ పరిధిలోని సిబ్బంది పద్దెనిమిది నెలల నమోదుకు ఎంత ఖర్చవుతుందో బడ్జెటులో ముందే కనిపించాలి. కెమెరాకు డబ్బు ఇచ్చి నిల్వకు ఇవ్వకపోతే పాత దృశ్యం మీద కొత్తది పడిపోతుంది. పోయిన దృశ్యం ఎవరి గాయానికి సంబంధించినదో అప్పుడు ఎవరికీ తెలియదు.

ఎదురుకాల్పుల విషయంలో తెలుగు నేలకు ఉన్న అనుభవం వేరే వ్యాసమంత పెద్దది. ప్రతి ఎదురుకాల్పుల మరణంలోనూ కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు కావాలని 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు, 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన పదహారు నియమాలు, దిశ కేసు నిందితులు నలుగురి మరణం మీద సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేమని చెప్పి పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేయడం, ఇవన్నీ తటస్థ సాక్షి లేని ఒకే లోటు చుట్టూ తిరిగాయి. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురు మరణించిన చటాన్‌పల్లి పొలాల్లో పోలీసుల ఛాతీ మీద నడుస్తున్న కెమెరా ఒక్కటి ఉండి ఉంటే, కమిషన్ బుల్లెట్ల దిశను లెక్కపెట్టి నిజం వెతకవలసి వచ్చేది కాదు.

బాడీ కెమెరాలు ఈ జిల్లాలకు ఎప్పుడు ఎంతమేరకు వచ్చినా, ఇప్పటికే ఉన్న హక్కును వాడుకోవడానికి వాటికోసం ఆగనక్కరలేదు. స్టేషనులో దెబ్బ తిన్న వ్యక్తో, అతని కుటుంబమో ఆ తేదీ, ఆ గంటలు రాసి, సీసీ కెమెరా దృశ్యాలను చెరపకుండా ఉంచాలని స్టేషను అధికారికీ, జిల్లా ఎస్పీకీ వెంటనే లిఖితపూర్వకంగా అడిగి, అందినట్టు రసీదు తీసుకోవాలి. తీవ్రమైన గాయమో మరణమో సంభవిస్తే రాష్ట్ర మానవ హక్కుల కమిషనును, జిల్లాలో మానవ హక్కుల కోర్టుగా పనిచేసే సెషన్స్ కోర్టును ఆశ్రయించవచ్చని, అవి ఆ దృశ్యాలను తెప్పించుకోవచ్చని 2020 తీర్పే చెప్పింది. రిమాండుకు తీసుకెళ్లినప్పుడు మేజిస్ట్రేటు ముందు గాయాలు చూపించి, ఆ మాటను రికార్డులో రాయించుకోవాలి. ఆ రోజు చెప్పని దెబ్బను తర్వాత నమ్మించడం చాలా కష్టం. పద్దెనిమిది నెలలన్నది నిల్వకు గడువు, అడగడానికి కూడా అదే గడువు. తెనాలి యువకులను కొట్టిన 2025 ఏప్రిల్ చివరి రోజుల నాటి స్టేషను దృశ్యాలకు ఆ గడువు 2026 అక్టోబరుతో ముగుస్తుంది.